రెండు జీబీ అక్క నోట్‌బుక్

ఆఫీసులో ఆమెను అందరూ రెండు జీబీ అక్క అనేవారు. మొదట్లో వెనకాల అనుకునేవారు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. చివరికి గేటు దగ్గర వాచ్‌మన్ కూడా హాజరు పుస్తకంలో ఆమె పేరు కొట్టేసి అదే రాశాడు. ఆమె చూసి నవ్వి ఊరుకుంది. నవ్వి ఊరుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఆ ఆఫీసుకు ఆమె వచ్చింది నేల తుడవడానికి. నాలుగో అంతస్తులో పద్దెనిమిది మంది ఇంజనీర్లు కూర్చునే హాలు, రెండు అద్దాల గదులు, ఒక టీ గది, చివర ఒక స్టోర్ రూమ్. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాట నేర్పే వీడియో పాఠాలు చేసే కంపెనీ అది. వీడియోలో ఒకావిడ ముఖం, అదీ ముక్కు కింది భాగం మాత్రమే, తెరనిండా కనిపించేది. పెదవులు ఎలా కలపాలో, నాలుక ఎక్కడ ఆనించాలో నెమ్మదిగా చూపించేది. రోగి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూస్తూ ఆమెలాగే నోరు కదపాలి. ప్రత్యేకంగా ఏ యాప్ దించుకోనక్కర్లేదు, బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే చాలు అని కంపెనీవాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. ఆసుపత్రులు ఆ పేజీ చిరునామా చీటీ మీద రాసి రోగుల చేతిలో పెట్టేవి.

ఒకరోజు ఒక ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది, పాఠం మధ్యలో పేజీ దానంతటదే మూసుకుపోతోందని. పద్దెనిమిది మంది ఇంజనీర్లూ తమ ఫోన్లలో చూశారు. ఎవరి ఫోన్‌లోనూ మూసుకుపోలేదు. అందరివీ ఖరీదైన ఫోన్లాయె. టీమ్ హెడ్ నుదురు రుద్దుకుంటూ హాలంతా కలియజూశాడు. బకెట్ పక్కన కిటికీ గట్టు మీద పెట్టిన ఆమె ఫోన్ ఆయన కంటబడింది.

"అక్కా, మీ ఫోన్ ఒకసారి ఇస్తారా?"

చేతులు చీరకు తుడుచుకుని ఇచ్చింది. నాలుగు నిమిషాలు గడిచాయో లేదో, మూడో పాఠంలో పేజీ తెల్లబోయింది. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది.

"దొరికింది! ఎంత మెమరీ?"

"రెండు జీబీ!"

"బాబోయ్, ఇవి ఇంకా భూమ్మీద బతికున్నాయా?"

అందరూ పడీ పడీ నవ్వారు. దేనికి నవ్వుతున్నారో తెలియకపోయినా తడి చేతులతో నిలబడి ఆమె కూడా నవ్వింది. తన ఫోన్ ఏదో ఘనకార్యం చేసిందనుకుంది. ఆ పేరు ఆరోజు పుట్టిందే.

వారం తిరక్కుండా టీమ్ హెడ్ ఎక్కడెక్కడి నుంచో పదకొండు పాత చవక ఫోన్లు తెప్పించి స్టోర్ రూమ్‌లో ఒక బల్ల మీద వరసగా పేర్పించాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాటిలో పాఠాలు ఆడించి, ఏది ఎప్పుడు ఆగిపోయిందో రాసే మనిషి కావాలి. ఇంజనీర్లలో ఎవరూ ఆ గదిలో కూర్చోవడానికి ఒప్పుకోలేదు. అంత పనికిమాలిన పనికి ఎవరిని పెట్టాలా అని ఆలోచిస్తే నేల తుడిచే అక్క గుర్తొచ్చింది. చీపురు, తడిగుడ్డ ఇంకొకావిడ చేతికి వెళ్ళాయి. ఆమె కుర్చీలో కూర్చుంది. నలభై ఆరేళ్ళ జీవితంలో ఎవరైనా ఆమెకు ఒక కుర్చీ చూపించి ఇది నీది అనడం అదే మొదలు.

ఆమె పదో తరగతి దాకా చదువుకుంది. ఆపైన చదువుతానంటే అన్నయ్య, "చదివి ఎవరిని ఉద్ధరిస్తావు?" అని పుస్తకాలు పాత కాగితాలవాడికి వేసేశాడు. పెళ్ళయిన ఆరేళ్ళకు భర్త ఇంకొకామెతో వెళ్ళిపోతే, ఒక పెట్టె పట్టుకుని మళ్ళీ ఆ అన్నయ్య ఇంటికే చేరింది. వంటగది పక్కన సామాన్ల గదిలో ఒక పరుపు వేసి, "ఇక్కడ పడుండు" అన్నాడు. పద్నాలుగేళ్ళుగా పడుంది.

అన్నయ్యది గొంతు ఉద్యోగం. పెద్ద బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో మైకులో చెప్పేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ను మైకు అనేవారు. ఆ గొంతు వింటే పరుగెత్తే పోర్టరు కూడా నిలబడేవాడట. ఇంట్లోనూ అదే గొంతు. చెల్లెలు గిన్నె గట్టిగా పెట్టినా, తలుపు మెల్లగా వేసినా, వీధి చివరి దాకా వినపడేలా తిట్టేవాడు. ఆమెతో మామూలుగా మాట్లాడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చీకటి పడ్డాక ఆఫీసు నుంచి వచ్చేది కాబట్టి "డ్యూటీ దిగారా దొరసానిగారు?" అని వెటకారం ఒకటి.

స్టోర్ రూమ్‌లో ఆమె ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టుకుంది. గీతలు గీసి గళ్ళు చేసింది. ఏ ఫోన్, ఏ పాఠం, ఎన్నో నిమిషం, వీపు వేడెక్కిందా, పక్కన ఇంకేమైనా తెరిచి ఉందా. చివరి గడిలో ఫోన్ ఏం చేసిందో తన మాటల్లో రాసేది. తెర బిగుసుకుపోతే "మొరాయించింది" అని, బొమ్మ ఆగి గొంతు మాత్రం నడిస్తే "గుడ్లు తేలేసింది" అని, పేజీ పూర్తిగా తెల్లబోతే "పోయింది" అని. ఇంజనీర్లు టీ తాగుతూ ఆ నోట్‌బుక్ తీసి పైకి చదువుకునేవారు.

"ఏడో నంబరు ఫోన్ పదకొండు గంటలకు గుడ్లు తేలేసిందట. ఆత్మకు శాంతి కలుగుగాక!"

ఒక్క పొట్టి జుట్టు అమ్మాయి మాత్రం నవ్వేది కాదు. ఇంజనీర్లలో అందరికంటే కొత్తగా చేరింది. నోట్‌బుక్ తిరగేసి, "అక్కా, మా రిపోర్టుల్లో ఆగింది, ఆగలేదు, ఇవే రెండు మాటలు. మీరు ఎలా ఆగిందో రాస్తున్నారు" అంది. ఆ మాటకు ఆమెకు ఆ పూట టీ కూడా తియ్యగా అనిపించింది.

నాలుగు నెలలయ్యాక అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. మైకు ముందు కూర్చుని ఉండగానే వచ్చింది. "ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీద" దాకా బాగానే చెప్పి, ఆ తర్వాత ఏదో మూలుగు లాంటి చప్పుడు చేశాడట. మైకు చెడిందనుకుని ప్రయాణికులు ఈలలు వేశారు. ఇంకో బస్సు వచ్చి వెళ్ళేదాకా ఎవరూ ఆ గదిలోకి తొంగి చూడలేదు.

కుడి చెయ్యి, కుడి కాలు సగం పడిపోయాయి. మాట మొత్తం పోయింది. ఆసుపత్రిలో ఇరవై రోజులుంచి, వెళ్ళేటప్పుడు డాక్టరమ్మ ఒక చీటీ ఇచ్చింది. "రోజూ రెండు పూటలా ఇందులో పాఠాలు చూపించండి. మొదటి ఆరు నెలలే ముఖ్యం. అప్పుడు రాని మాట తర్వాత రావడం కష్టం" అంది.

చీటీ మీదున్నది ఆమె కంపెనీ పేజీయే. వదిన పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆమెకేసి మర్యాదగా చూసింది.

"మీ ఆఫీసుదేనటగా?"

"అవును వదినా."

"అయితే దగ్గరుండి చూపించు."

వదిన ఫోన్ చేతిలోకి తీసుకోగానే ఆమె గుర్తుపట్టింది. నోట్‌బుక్‌లో మూడో వరస ఫోన్ అది. అచ్చం అదే. ఏమవుతుందో ఆమెకు ముందే తెలుసు.

అయింది కూడా. మొదటి పాఠం "అ". రెండోది "ఆ". మూడోది "ప". తెర మీద ఆవిడ రెండు పెదవులూ కలిపింది. అన్నయ్య కూడా కష్టపడి, ఎడమ చేతి వేళ్ళతో కుడి పెదవి పైకెత్తి కలిపాడు. ఆవిడ పెదవులు విప్పే లోపల పేజీ తెల్లబోయింది. ఆయన అలాగే పెదవులు బిగించి తెల్లటి తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. చొంగ గడ్డం మీదుగా చొక్కా మీదికి కారింది. ఆమె పేజీ మళ్ళీ తెరిస్తే అది మళ్ళీ మొదటి పాఠం నుంచే ఎత్తుకుంది. మళ్ళీ "అ". మళ్ళీ "ఆ". మళ్ళీ పెదవులు కలపగానే తెలుపు. నాలుగోసారి ఆయన ఎడమ చేత్తో ఫోన్ లాక్కుని ఆమె ముఖాన కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది.

"మంచం మీదున్న మనిషికి కోపం తెప్పించడమేనా నీకు తెలిసిన విద్య?" అంది వదిన ఫోన్ ఏరుకుంటూ. ముందు ఫోన్ పగిలిందేమో చూసుకుని, తర్వాత ఆమె నెత్తురు చూసింది.

మర్నాటి నుంచి ఆమె ఆఫీసులో నేర్చుకున్నదంతా ఇంట్లో పెట్టింది. పాఠానికి ముందు ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేసేది. బ్రౌజర్ తెరిచి చూస్తే వదిన సీరియళ్ళు, చీరల దుకాణాలు, ఎప్పటివో వార్తలు కలిపి ఇరవై మూడు పేజీలు మూయకుండా ఉన్నాయి.

"వదినా, ఇవన్నీ మూసేస్తున్నా."

"ముయ్యి. నా సీరియల్ పోయిందో, చూడు మరి."

"సీరియల్ పోదు వదినా. ఇది మూస్తే ఫోన్ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది."

ఒక్క పేజీ ఉంచి, మెసేజీలు మోగకుండా చేసి, వీడియో నాణ్యత అన్నిటికంటే తక్కువకు దించింది. బొమ్మ మసకబారింది కానీ పెదవులు ఎలా కదులుతున్నాయో తెలుస్తూనే ఉంది. మూడో పాఠంలో చచ్చే పేజీ అయిదో పాఠం దాకా బతికింది. ఒకరోజు వేలితో తర్వాతి పాఠానికి జరపకుండా పేజీ మొత్తం మూసేసి, మళ్ళీ తెరిచి, జాబితాలోంచి నేరుగా రెండో పాఠం నొక్కింది. ప్రతి పాఠానికీ అలాగే చేస్తే ఆరోజు ఎనిమిది పాఠాలు నడిచాయి. ఆమె వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా, గోడకానుకుని కాసేపు నవ్వుకుంది.

ఆ సంగతి పొట్టి జుట్టు అమ్మాయికి చెప్పింది.

"అమ్మా, వేలితో జరుపుకుంటూ పోతే చస్తోంది. మూసి తెరిస్తే బతుకుతోంది. ఎందుకంటావు?"

ఆ అమ్మాయి తాగుతున్న టీ పక్కన పెట్టి, మూడో నంబరు ఫోన్‌ను తన కంప్యూటర్‌కు తగిలించింది. మెమరీ ఎంత వాడుతోందో చూపించే గీత తెర మీద మెట్లు మెట్లుగా ఎక్కడం మొదలైంది. ఒక్కో పాఠానికి ఒక్కో మెట్టు. పాఠం అయిపోయినా గీత కిందికి దిగలేదు.

"చూశారా అక్కా! అయిపోయిన పాఠాన్ని మా పేజీ వదలడం లేదు. కనపడకుండా దాస్తోందంతే. ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు సామాను వదిలేసి పోతే కొత్తగా దిగేవాళ్ళకు చోటెక్కడ? పైగా రాబోయే నాలుగు పాఠాలు కూడా ముందే తెచ్చి పెట్టుకుంటోంది. పెద్ద ఫోన్లలో చోటుంది కాబట్టి మాకెప్పుడూ తెలియలేదు."

రెండు వారాలు కూర్చుని సరిచేసింది. పాఠం అయిపోగానే దాన్ని పూర్తిగా వదిలేసి, దాని స్థానంలో కదలని బొమ్మ ఒకటి ఉంచేలా, రాబోయేదాన్ని మొదటి కొద్ది క్షణాలు మాత్రమే తెచ్చుకునేలా, చిన్న తెరకు చిన్న వీడియోయే పంపేలా మార్చింది. ఆ మార్చిన పేజీని విడిగా పరీక్షకు పెట్టింది. పదకొండు ఫోన్లలో తొమ్మిదింటిలో ముప్ఫై రెండు పాఠాలూ ఆగకుండా ఆడాయి. ఆమె నోట్‌బుక్‌లో ఆ తొమ్మిదింటి పక్కనా "నిలబడింది" అని రాసింది.

ఎవరికీ చెప్పవద్దని, ఆ పరీక్ష పేజీ చిరునామా ఆ అమ్మాయి ఆమెకిచ్చింది. ఇంట్లో అన్నయ్యకు రోజూ రెండు పూటలా పాఠం ఆగకుండా నడిచింది. నెల దాటేసరికి "నీళ్ళు" అన్నాడు. తర్వాత "చాలు". తర్వాత "వద్దు". వదిన గుమ్మంలోకి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. చెల్లెలిని అన్నయ్య ఇప్పటికీ ముఖమెత్తి చూడడు. పాఠం పెట్టమన్నప్పుడు మాత్రం చేత్తో పిలుస్తాడు. ఆమెకు అదే కొండంత.

ఇంతలో ఆఫీసులో హడావుడి మొదలైంది. పాతిక ఆసుపత్రులున్న పెద్ద సంస్థ ఒకటి ఈ పాఠాలు తీసుకుంటామని ముందుకొచ్చింది. వందమంది తెరిస్తే ఎంతమందికి ఆగిపోతోంది అని అడిగారు. తొమ్మిది మందికి. ఒక్కటి కన్నా తక్కువుంటేనే సంతకం అన్నారు. పది రోజులు గడువు.

టీమ్ హెడ్ అద్దాల గదిలోకి పొట్టి జుట్టు అమ్మాయిని పిలిచాడు.

"నీ మార్పు పది రోజుల్లో పెట్టగలవా?"

"అన్ని ఫోన్లలోనూ చూడాలి సార్. నెల పడుతుంది."

"నెల లేదు" అన్నాడాయన. తర్వాత స్టోర్ రూమ్‌కు తనే నడుచుకుంటూ వచ్చాడు. ఎన్నడూ రానివాడు.

"అక్కా, ఏ ఫోన్లలో ఆగిపోతోందో మీ దగ్గర మొత్తం జాబితా ఉందటగా?"

ఉంది. బల్ల మీది పదకొండే కాదు. ఫిర్యాదు చేసిన రోగుల ఇళ్ళకు తన సొంత ఫోన్ నుంచి కాల్ చేసి, ఫోన్ వెనక ఏం రాసుందో చదివించుకుని మరీ రాసింది. అన్నీ కలిపి అరవై నాలుగు రకాలు. ఒక్కొక్కటీ ఎన్నో పాఠంలో పోతుందో పక్కనే ఉంది. వాటన్నిటికీ వైద్యం చేయడానికే అడుగుతున్నారనుకుంది. నోట్‌బుక్ చీర చెంగుతో తుడిచి రెండు చేతులతో ఇచ్చింది.

ఆ సాయంత్రం మీటింగులో టీమ్ హెడ్ ఆమెను అందరి ముందుకు పిలిచాడు. "పేదవాళ్ళ ఫోన్ల గురించి ఇంత తెలిసిన మనిషి ఈ కంపెనీలో ఇంకొకరు లేరు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఈసారి చప్పట్లు తన ఫోన్‌కు కాదు, తనకే.

సోమవారం పొద్దున హాల్లో కేకు కోశారు. పెద్ద తెర మీద తొమ్మిది ఉన్నచోట సున్నా పాయింటు నాలుగు ఉంది. "ఇదంతా అక్క చలవే!" అన్నారెవరో. పొట్టి జుట్టు అమ్మాయి ఎక్కడా కనపడలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. తన ముక్క తినకుండా, అన్నయ్యకు మెత్తగా ఉంటుందని కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

ఇంటికి చేరేసరికి వదిన గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"పొద్దుటి నుంచి ఇదే. ఏం రాసుందో చదువు."

తెల్లటి పేజీ మీద చక్కటి అక్షరాలు ఉన్నాయి. 'మీ ఫోన్‌లో ఈ పాఠాలు ఆడవు. దయచేసి వేరే ఫోన్‌లో ప్రయత్నించండి.' పరీక్ష పేజీ తెరిచి చూసింది. అదీ అంతే. ఆమె అక్కడే గుమ్మం మీద చతికిలబడింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నారని విన్నాం కానీ, వీళ్ళు ఇల్లు జాగ్రత్త చేసుకుని, లోపలున్నవాళ్ళను వీధిలోకి గెంటారు. ఫోన్‌ను అసలు లోపలికే రానివ్వకపోతే అది మధ్యలో ఆగిపోయే ప్రశ్నే లేదు. వందకు తొమ్మిది ఎక్కడికి పోయిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"మీ ఆఫీసే కదా, నీకు తెలియకుండానే జరిగిందా?" అంది వదిన.

అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. ఆమె ఆడలేదు.

"ఆపేసిన ఫోన్ల పేర్లు నేను రాసిచ్చినవే వదినా. బాగుచేస్తారనుకుని ఇచ్చాను."

వదిన తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా చెప్పింది.

"విన్నారా? మీ పాఠాలు ఆపించింది మీ చెల్లెలేనట. తన చేత్తో పేరు రాసి మరీ ఇచ్చిందట!"

అన్నయ్య తల తిప్పి ఆమెకేసి చాలాసేపు చూశాడు. కేకు సంచిలోనే ఉండి పాడైపోయింది.

మర్నాడు ఆమె తిన్నగా అద్దాల గదిలోకి వెళ్ళింది. పిలవకుండా ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి.

"సార్, ఆ ఫోన్లు వాడేవాళ్ళకు మాట రావద్దా?"

"అలా కాదక్కా. సగం సగం ఆగిపోయే పాఠం కన్నా అసలు లేకపోవడమే నయం. నాణ్యత ముఖ్యం. అయినా చూడండి, నిన్నటి నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు."

"ఫిర్యాదు రాసే చోటు కూడా ఆ పేజీలోనే ఉంది సార్. పేజీయే తెరుచుకోకపోతే ఎక్కడ రాస్తారు?"

టీమ్ హెడ్ నవ్వాడు. "మీరు ఇంజనీరు కావాల్సిందక్కా" అని, మోగుతున్న ఫోన్ అందుకున్నాడు.

పొట్టి జుట్టు అమ్మాయి టీ గదిలో తల వంచుకుని కూర్చుని ఉంది. అడగకముందే తన కంప్యూటర్ తిప్పి చూపించింది. అరవై నాలుగు ఫోన్ల పేర్లు ఒక ఫైలులో ఉన్నాయి. ఆ ఫైలుకు పెట్టిన పేరు 'రెండు జీబీ అక్క'.

"వద్దని చెప్పి చూశానక్కా."

"ఎన్నిసార్లు చెప్పావమ్మా?"

ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది. "ఒకసారి" అంది.

"నీ మార్పు?"

"పక్కన పెట్టమన్నారు. ఇక అవసరం లేదట."

ఆ వారమే స్టోర్ రూమ్ బల్ల ఖాళీ చేశారు. ఆడని ఫోన్లకు పరీక్ష దేనికి? పదకొండు ఫోన్లనూ అట్టపెట్టెలో వేసి పాత సామాన్లవాడికిచ్చారు. ఆమెను మాత్రం పంపించలేదు. "మీ పాత పని మీకే ఉంచామక్కా. మీ కోసం ఆవిడను మాన్పించాం" అన్నాడు టీమ్ హెడ్, ఉపకారం చేసినవాడిలా. పని పోయిన ఆవిడ మెట్ల దగ్గర ఎదురుపడి ముఖం తిప్పుకుంది. ఆమె బకెట్ ఎత్తుకుంది.

అసలు నరకం ఆమె ఫోన్‌లో మొదలైంది. ఒకప్పుడు ఫోన్ల పేర్లు అడగడానికి ఆమె కాల్ చేసిన ఇళ్ళవాళ్ళ దగ్గర ఆమె నంబరుంది. తుడుస్తుంటే మోగేది.

"అమ్మా, అప్పుడు మీరే కదా మాట్లాడింది? పేజీ రావడం లేదమ్మా. మా ఆయన 'వద్దు' అనడం ఒక్కటే నేర్చుకున్నాడు. అన్నిటికీ వద్దే అంటున్నాడు. అన్నం పెట్టినా వద్దే, మందు ఇచ్చినా వద్దే. ఇంకో మాట నేర్పించాలమ్మా."

"వేరే ఫోన్‌లో ప్రయత్నించండమ్మా."

"వేరే ఫోన్ మాకెక్కడిదమ్మా?"

"వేరే ఫోన్‌లో ప్రయత్నించండి" అని మళ్ళీ అదే అంది. తన నోట్లోంచి ఆ పేజీయే మాట్లాడుతున్నట్టు ఆమెకే అసహ్యం వేసింది. అలా ఏడుగురికి చెప్పింది. ఎనిమిదో కాల్ నుంచి ఎత్తడం మానేసింది. మోగి మోగి వాళ్ళే విసిగి ఊరుకున్నారు.

డాక్టరమ్మ చెప్పిన ఆరు నెలల్లో ఇంకా రెండున్నర మిగిలాయి. ఆదివారం పొద్దున ఆమె కుర్చీ లాక్కుని అన్నయ్య మంచానికి ఎదురుగా కూర్చుంది. పదకొండు ఫోన్లలో, నెలల తరబడి, రోజుకు వందసార్లు చూసిన పాఠాలు. ముప్ఫై రెండూ ఆమెకు నోటికొచ్చు. ఎక్కడ ఎంతసేపు ఆగాలో, ఎక్కడ నాలుక చూపించాలో అన్నీ వచ్చు.

"అన్నయ్యా, నా నోరు చూడు."

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

"చూడు. పెదవులు కలుపు. ప..."

ఆయన గోడవైపు తిరిగాడు. ఆమె కుర్చీ ఎత్తి గోడవైపు వేసుకుని మళ్ళీ ఎదురుగా కూర్చుంది. ఎడమ చెయ్యి విసిరాడు. చెంప మీద తగిలింది. బలం లేని దెబ్బే కానీ గాజు గ్లాసు కూడా కింద పడి పగిలింది.

"కొట్టు. ఫోనైతే మూడో పాఠానికి ఆగిపోయేది. నేను ఆగను."

ఆమె గొంతులో ప్రేమ లేదు. అది తనకే ఆశ్చర్యమేసింది. బల్ల మీది ఫోన్లతో ఎంత పట్టుదలగా కూర్చునేదో అంతే పట్టుదలగా కూర్చుంది. పుస్తకాలు పాత కాగితాలవాడికి వేసిన మనిషి ఇప్పుడు రోజుకు రెండు పూటలా ఆమె నోటికేసి చూడాలి. చూడనంటే గడ్డం పట్టుకుని తిప్పింది. ఏడ్చినా తిప్పింది. వదిన అడ్డురాబోయి, ఎందుకో ఆగిపోయి, వంటింట్లోకి వెళ్ళింది.

రెండో వారానికి "ప" లో గాలి వచ్చింది. నాలుగో వారానికి "పా", "పాలు". ఆరో వారానికి "పడుకో" లాంటిదేదో. లెక్క చూస్తే ఫోన్‌లో కంటే వేగంగానే వస్తున్నాయి. ఆయనకు కోపం ఎక్కువైన కొద్దీ మాట స్పష్టంగా వస్తోందని ఆమె కనిపెట్టింది. అప్పటి నుంచి పాఠానికి ముందు ఆయనకు కోపం తెప్పించడం కూడా మొదలుపెట్టింది. పాత బస్టాండు కబుర్లు ఎత్తేది. "ఇప్పుడు మైకులో ఎవరో కుర్రాడట అన్నయ్యా. బాగా చెబుతున్నాడట" అనేది. ఆయన మెడ నరాలు ఉబికేవి. అప్పుడు, "ఆ, ఇప్పుడు అను. ప..." అనేది.

ఒకరోజు సాయంత్రం పాఠం మధ్యలో అన్నయ్య చెయ్యెత్తి ఆపాడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఒక్కో ముక్కా తవ్వి తీసినట్టు, ఎడమ చేత్తో వీధి గుమ్మం చూపిస్తూ అన్నాడు.

"ఇంట్లోంచి... ఫో."

పక్షవాతం వచ్చాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. వంటింట్లో వదిన చేతిలో గరిటె ఆగింది. ఆమె కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఫో కాదు అన్నయ్యా. గాలి వదిలేస్తున్నావు. పెదవులు గట్టిగా కలుపు. పో."

"ఇంట్లోంచి పో."

"ఆ, అదీ. ఇంకోసారి."

"ఇంట్లోంచి పో!"

ఈసారి పక్కింటి వరండాలో కూర్చున్నవాళ్ళు తల తిప్పి చూశారు. చొంగ కూడా కారలేదు. ఆమె తువ్వాలు మడిచి మంచం పక్కన పెట్టింది.

వారం తర్వాత ఆఫీసుకు దగ్గర్లో ఒక గది చూసుకుని, వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టెతోనే వెళ్ళిపోయింది. మిగిలిన పద్నాలుగు పాఠాలు ఎలా చెప్పాలో కాగితం మీద రాసి వదినకిచ్చింది. వదిన రెండు రోజులు కూర్చుని, మూడో రోజు విసిగి మానేసింది. గడువు దాటిపోయింది. అన్నయ్యకు ఇప్పుడు పంతొమ్మిది మాటలు వచ్చు. వాటితోనే ఇల్లంతా నడిపిస్తున్నాడని, చుట్టపుచూపుగా ఎవరైనా వస్తే ఆ వాక్యం కూడా అని చూపిస్తున్నాడని వదిన ఒకసారి ఫోన్ చేసి చెప్పింది. ఆమె విని, సరే వదినా అని, తడిగుడ్డ పిండుకుని అద్దాల గదిలోకి తుడవడానికి వెళ్ళింది.